కస్టమ్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొబైల్ డేటా రాకపోతే ఎక్కడ వెతకాలి?

తయారీ సంస్థ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన ఫోన్‌లో మరో సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇంకొన్నేళ్లు వాడుకోవడం భారత్‌లో చాలాకాలంగా ఉన్నదే. ఆండ్రాయిడ్ మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉండటం వల్లే ఇది సాధ్యమవుతోంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను వాడుకలో కస్టమ్ రోమ్ అంటారు. వీటిలో విస్తృతంగా ప్రచారంలో ఉన్నది లీనియేజ్ ఓఎస్. 2016 డిసెంబరులో సయానోజెన్‌మాడ్ మూతపడినప్పుడు, దాని కోడ్‌నే ఆధారంగా చేసుకుని స్వచ్ఛంద డెవలపర్లు దీన్ని ముందుకు తీసుకువెళ్లారు. రెడ్‌మీ నోట్ 4, పోకో ఎఫ్1 వంటి ఫోన్లు కంపెనీ అప్‌డేట్లు ఆగిపోయాక కూడా కొత్త ఆండ్రాయిడ్‌తో నడిచాయంటే కారణం ఇదే.

అయితే కొత్త సాఫ్ట్‌వేర్ చక్కగా తెరుచుకుని, వైఫై పనిచేసి, మొబైల్ డేటా మాత్రం రాకపోవడం తరచూ ఎదురయ్యే ఇబ్బంది. ఇంట్లో ఉన్నంతసేపూ అది బయటపడకపోవచ్చు. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయబోయినప్పుడో, బస్సు టికెట్ చూపించాల్సి వచ్చినప్పుడో తెలుస్తుంది. అటువంటప్పుడు చాలామంది రోమ్‌ను నిందించి మళ్లీ మళ్లీ ఎక్కించడం మొదలుపెడతారు. నిజానికి లోపం సిమ్‌లో ఉండవచ్చు, ఒక చిన్న సెట్టింగ్‌లో ఉండవచ్చు, ఫోన్‌లోని రేడియో భాగంలోనూ ఉండవచ్చు. ఏ అంచెలో ఉందో తేల్చకుండా చేసే మరమ్మతు కొన్నిసార్లు ఫోన్‌కే ముప్పు తెస్తుంది.

మొదటి ఆధారం తెరపైనే

తెర పైభాగంలోని సిగ్నల్ గుర్తు చాలావరకు విషయం చెబుతుంది. సిగ్నల్ గీతలే లేకపోతే లోపం సిమ్‌లో గాని, ఫోన్ మోడెమ్‌లో గాని ఉన్నట్టు. గీతలు నిండుగా ఉండి, పక్కన 4జీ లేదా ఎల్‌టీఈ అన్న అక్షరాలు రాకపోతే డేటా సెట్టింగ్‌లను అనుమానించాలి. 4జీ అని కనిపిస్తూనే ఆశ్చర్యార్థకం వంటి చిన్న గుర్తు ఉంటే, ఫోన్ నెట్‌వర్క్‌లోకి వెళ్లింది కాని ఇంటర్నెట్ దాకా చేరలేదని అర్థం. ఈ మూడింటికీ చేయవలసినవి వేరు.

అన్నిటికన్నా ముందు అదే సిమ్‌ను మరో ఫోన్‌లో వేసి చూడాలి. అక్కడా డేటా రాకపోతే రోమ్‌కు సంబంధం లేదు. రీఛార్జ్ గడువు ముగిసి ఉండవచ్చు, సిమ్ పాడై ఉండవచ్చు. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా గంటల తరబడి ఫోన్‌తో కుస్తీ పట్టడం వృథా. రెండు సిమ్‌లున్న ఫోన్‌లో డేటా ఏ సిమ్ ద్వారా వెళ్లాలన్న ఎంపికను కూడా ఒకసారి చూడాలి. కొత్తగా రోమ్ ఎక్కించాక అది మారిపోయి ఉండవచ్చు.

ఏపీఎన్ అనే వాకిలి

గీతలుండి డేటా రాని ఫోన్‌లో ముందుగా చూడవలసింది ఏపీఎన్. ఫోన్ ఏ ద్వారం గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లాలో టెలికాం సంస్థ నిర్ణయించిన పేరు ఇది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఈ పేర్ల పట్టిక ముందే ఉంటుంది కనుక సిమ్ వేయగానే అంతా దానంతట అదే జరిగిపోతుంది, ఇలాంటిదొకటి ఉందన్న సంగతే వినియోగదారుకు తెలియదు. కస్టమ్ రోమ్‌లోనూ పట్టిక ఉంటుంది. దాన్ని నిర్వహించేది స్వచ్ఛంద డెవలపర్లు కావడంతో అన్ని దేశాల, అన్ని సంస్థల వివరాలూ తాజాగా ఉండకపోవచ్చు.

పట్టికలోంచి సరైన పేరును ఫోన్ ఎంచుకునే తీరు ఆసక్తికరం. ప్రతి సిమ్‌లో ఒక పొడవైన సంఖ్య ఉంటుంది. దానిలో మొదటి మూడు అంకెలు దేశాన్ని, తరువాతి రెండు మూడు అంకెలు సంస్థను సూచిస్తాయి. భారత్‌కు 404, 405 వాడుకలో ఉన్నాయి. నేపాల్‌కు 429, బంగ్లాదేశ్‌కు 470, శ్రీలంకకు 413. చాలా దేశాల్లో ఒక సంస్థకు ఒకటో రెండో సంకేతాలు సరిపోతాయి. భారత్‌లో మాత్రం టెలికాం లైసెన్సులు 22 సర్కిళ్ల వారీగా ఇచ్చినందువల్ల, ఒకే సంస్థకు సర్కిల్‌కొక సంకేతం ఏర్పడింది. ఎయిర్‌టెల్‌కు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో 404-49 అయితే కర్ణాటకలో 404-45, ఢిల్లీలో 404-10. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో తెలంగాణ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. రోమ్ పట్టికలో ఒక సర్కిల్ సంకేతం తప్పిపోతే, ఆ ప్రాంతపు సిమ్‌లకు మాత్రమే డేటా రాదు. అదే రోమ్, అదే ఫోన్ పొరుగు రాష్ట్రంలో చక్కగా పనిచేస్తున్నట్టు కనిపించడం వెనుక కొన్నిసార్లు ఉండే రహస్యం ఇది.

దీనికి విరుగుడు సులభమే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి, సిమ్ పేరు నొక్కి, అడుగున ఉండే యాక్సెస్ పాయింట్ పేర్లలోకి వెళ్లాలి. అక్కడ జాబితా ఖాళీగా ఉంటే కూడిక గుర్తు నొక్కి కొత్తది చేర్చాలి. ఏపీఎన్ అన్న చోట జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్ అని, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో రాయాలి. వొడాఫోన్ ఐడియాకైతే డబ్ల్యూ అన్న అక్షరం మూడుసార్లు రాస్తే చాలు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ గడులను ఖాళీగా వదిలేయాలి. దేశ, సంస్థ సంకేతాల గడులను ఫోనే నింపుతుంది, వాటిని ముట్టుకోకూడదు. అవి సిమ్‌తో సరిపోలకపోతే, సేవ్ చేసినా ఆ నమోదు జాబితాలో కనిపించకుండా పోతుంది.

ప్రోటోకాల్ అన్న గడి దగ్గర కొంత శ్రద్ధ అవసరం. అక్కడ ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కలిసి ఉన్న ఎంపికను తీసుకోవాలి. ముఖ్యంగా జియో నెట్‌వర్క్ ఐపీవీ6పై ఎక్కువగా ఆధారపడింది. కనుక పాత వీడియోలు చూసి ఐపీవీ4 ఒక్కటే పెట్టినవారికి చిక్కులు రావచ్చు. ఇదంతా అయ్యాక మూడు చుక్కల మెనూలో సేవ్ నొక్కి, జాబితాలో ఆ పేరు పక్కనున్న వృత్తాన్ని ఎంచుకోవాలి. ఈ చివరి పని మరిచిపోతే అంతవరకు చేసినది నిష్ఫలం. తరువాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను అర నిమిషం పెట్టి తీసేస్తే ఫోన్ కొత్త వివరాలతో నెట్‌వర్క్‌ను అడుగుతుంది. జాబితాలో ఐఎంఎస్ అన్న పేరుతో వేరే నమోదు ఉంటే దాన్ని తొలగించరాదు. 4జీ కాల్స్ దాని మీదే నడుస్తాయి.

హైదరాబాద్ సిమ్, బెంగళూరు టవర్

సర్కిళ్ల విభజన తెచ్చే చిక్కు మరొకటుంది. హైదరాబాద్‌లో తీసుకున్న సిమ్ బెంగళూరులో అక్కడి సర్కిల్ టవర్‌కు తగులుకుంటుంది. రెండు సంకేతాలూ ఒకే సంస్థవని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. కస్టమ్ రోమ్ కొన్నిసార్లు దీన్ని గుర్తించక రోమింగ్‌గా భావించి, సిగ్నల్ పక్కన ఆర్ అన్న అక్షరం చూపి డేటాను ఆపేస్తుంది. సిమ్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్‌ను అనుమతిస్తే సమస్య తీరుతుంది. విదేశీ ప్రయాణానికి ముందు దాన్ని మళ్లీ ఆపేయడం మరవకూడదు. సరిహద్దు పట్టణాల్లో పొరుగు దేశపు టవర్‌ను ఫోన్ పట్టుకునే అవకాశమూ ఉంది, ఆ బిల్లు చిన్నది కాదు.

కాల్ మాట్లాడుతున్నంతసేపూ డేటా ఆగిపోయి, కాల్ ముగియగానే తిరిగి వస్తుంటే అది డేటా లోపం కాదు, వోల్టీ లోపం. 4జీ మీద మాట్లాడే ఏర్పాటు పనిచేయనప్పుడు ఫోన్ కాల్ కోసం 2జీకి దిగిపోతుంది. 2016 సెప్టెంబరులో సేవలు ప్రారంభించిన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు. అందువల్ల వోల్టీ లేని రోమ్‌లో జియో సిమ్ వేస్తే డేటా వచ్చినా మామూలు కాల్ కలవదు. వోల్టీకి అవసరమైన కొన్ని ఫైళ్లు చిప్ తయారీదారు సొత్తు. రోమ్‌ను రూపొందించినవారు వాటిని ఆ ఫోన్‌కు అమర్చగలిగితేనే వోల్టీ ఉంటుంది, లేకుంటే ఏ సెట్టింగ్ మార్చినా రాదు. ఈ సంగతి రోమ్ ఎక్కించకముందే చూసుకోవాలి. అమెరికాలోని తెలుగువారికి ఇది మరింత ముఖ్యం. అక్కడ 2022 నాటికి పెద్ద సంస్థలు 3జీని మూసివేశాయి. పైగా తాము ఆమోదించిన నమూనాలకే వోల్టీ ఇచ్చే పద్ధతి కూడా కొన్ని చోట్ల ఉంది.

నెట్‌వర్క్ ఉంది, ఇంటర్నెట్ లేదు

ఆశ్చర్యార్థకం కనిపించే ఫోన్‌లో ఏపీఎన్‌ను కదపనవసరం లేదు. తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో మొదట చూడాలి. కొత్త సాఫ్ట్‌వేర్ తరువాత గడియారం 1970కి వెళ్లిపోతే, వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలను ఫోన్ నమ్మదు, పేజీలు తెరుచుకోవు. తరువాతి అనుమానితుడు ప్రైవేట్ డీఎన్‌ఎస్. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన ఈ సదుపాయంలో ప్రకటనలను అడ్డుకునే సర్వర్ల పేర్లు రాసుకునేవారు ఎక్కువ. ఆ సర్వర్ ఆగిపోతే ఫోన్‌లో ఇంటర్నెట్ మొత్తం ఆగిపోతుంది. దాన్ని ఆటోమేటిక్‌కు మార్చి, వీపీఎన్, ఫైర్‌వాల్ యాప్‌లను కాసేపు నిలిపి చూడాలి. ఒక్క యాప్‌కే డేటా రాకపోతే ఆ యాప్ సమాచార పేజీకి వెళ్లాలి. యాప్‌వారీగా మొబైల్ డేటాను నిషేధించే వీలు లీనియేజ్ ఓఎస్‌లో ఉంది, ఎప్పుడో ఆపి మరిచిపోయి ఉండవచ్చు.

పాత రోమ్ మీదే కొత్త రోమ్‌ను, డేటా తుడవకుండా ఎక్కించినప్పుడు పాత ఏపీఎన్ నమోదులు మిగిలిపోయి తికమక పెడతాయి. సెట్టింగ్స్‌లోని రీసెట్ ఎంపికల్లో మొబైల్ నెట్‌వర్క్‌ను రీసెట్ చేస్తే ఇది సాధారణంగా సర్దుకుంటుంది. ఫోటోలు, సందేశాలు పోవు.

చేయి పెట్టకూడని చోటు

సిగ్నల్ గీతలే లేని ఫోన్ సంగతి వేరు. అబౌట్ ఫోన్ పేజీలో బేస్‌బ్యాండ్ వెర్షన్ తెలియదని చూపిస్తే మోడెమ్ మేల్కొనలేదన్నమాట. మోడెమ్‌ను నడిపే ఫర్మ్‌వేర్ సాధారణంగా కస్టమ్ రోమ్‌లో భాగం కాదు. అది కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచి మిగిలి ఉన్నదే. రోమ్ కోరే ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకటి, ఫోన్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ మరొకటి అయితే రెండింటికీ పొసగదు. ఆ ఫోన్‌కు చెందిన లీనియేజ్ ఓఎస్ పేజీలో ఏ ఫర్మ్‌వేర్ అవసరమో చదివి, సరిగ్గా అదే మోడల్ కోడ్‌కు చెందిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ముందు అక్కడికి తెచ్చి, ఆపైన రోమ్ ఎక్కించాలి. పేరు ఒకటే అయినా వేర్వేరు దేశాలకు తయారైన నమూనాల ఫర్మ్‌వేర్ వేరుగా ఉంటుంది.

*#06# నొక్కినప్పుడు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య రాకుండా ఖాళీగా గాని, సున్నాలుగా గాని కనిపిస్తే పరిస్థితి తీవ్రమైనది. ఈ సంఖ్యా, రేడియో అమరికల వివరాలూ ప్రత్యేకమైన చిన్న విభాగంలో ఉంటాయి. శాంసంగ్ ఫోన్లలో దాని పేరు ఈఎఫ్‌ఎస్. రోమ్ ఎక్కించే తొందరలో ఆ విభాగాన్ని తుడిచేసినవారికి దాన్ని తిరిగి తెచ్చుకునే దారి, ముందే తీసి పెట్టుకున్న బ్యాకప్ ఒక్కటే. టీడబ్ల్యూఆర్‌పీ వంటి రికవరీల్లో అనేక ఫోన్లకు ఈ బ్యాకప్ సదుపాయం ఉంది. కాపీని ఫోన్‌లో కాక కంప్యూటర్‌లో ఉంచుకోవాలి. ఒకరి ఫోన్ బ్యాకప్‌ను మరొకరు వాడరాదు.

బ్యాకప్ లేనివారికి కొత్త ఐఎంఈఐ రాసిపెడతామనే దుకాణాలు కనిపిస్తాయి. అక్కడికి వెళ్లకూడదు. టెలికమ్యూనికేషన్స్ చట్టం-2023 ప్రకారం టెలికాం గుర్తింపు సంఖ్యలను తారుమారు చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తిరిగి ఎక్కించి చూడటం, అదీ ఫలించకపోతే బిల్లుతో అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే మిగిలిన మార్గం. ఆ ప్రయత్నంలో కస్టమ్ రోమ్ ఇంకా లోపల ఉండగానే బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేస్తే ఫోన్ అసలు తెరుచుకోకుండా పోవచ్చు.

ఇన్ని చూసినా అంతు చిక్కకపోతే రోమ్ డెవలపర్లకు రాయవచ్చు. డేటా రావడం లేదన్న ఒక్క వాక్యంతో వారు ఏమీ చేయలేరు. ఫోన్ మోడల్ కోడ్, రోమ్ బిల్డ్ తేదీ, బేస్‌బ్యాండ్ వెర్షన్, టెలికాం సంస్థ, సర్కిల్, లోపం ఎప్పుడు మొదలైందన్నది తెలపాలి. కంప్యూటర్‌కు కలిపి ఏడీబీ ద్వారా తీసిన రేడియో లాగ్ జత చేస్తే మరీ మేలు. ఆ లాగ్‌లో ఐఎంఈఐ, సిమ్ సంఖ్య, ఫోన్ నంబరు ఉండే అవకాశం ఉంది కనుక, పంపేముందు వాటిని వెతికి చెరిపేయాలి.