నమ్మని తీర్పు కోసం వదులుకున్న పదవి: ఖరగ్‌పూర్ నుంచి గిరి ప్రయాణం

1954లో వరాహగిరి వేంకటగిరి కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై లేబర్ అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును నెహ్రూ మంత్రివర్గం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించడమే అందుకు కారణం. ఇందులో ఒక విచిత్రముంది. కార్మిక తగవులను ట్రైబ్యునళ్లకు అప్పగించే పద్ధతినే గిరి ఆమోదించలేదు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని స్వచ్ఛందంగా ఒప్పందానికి రావాలని, రాజ్యం ఆ బల్ల దగ్గరకు రాకూడదని రెండేళ్లుగా చెబుతూ వచ్చిన మంత్రి ఆయన. అలాంటి మనిషి ఒక నిర్బంధ తీర్పును నిలబెట్టడానికి పదవిని వదులుకున్నారు. దీన్ని సిద్ధాంతభ్రష్టత అనాలా, సిద్ధాంతనిష్ఠ అనాలా తేల్చుకోవాలంటే ఢిల్లీని వదిలి ఖరగ్‌పూర్‌కు వెళ్లాలి.

ఖరగ్‌పూర్‌ను బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నిర్మించింది. మిదునాపురం జిల్లాలోని ఎర్రమట్టి నేల మీద పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో జంక్షన్ వెలిసింది, దాని పక్కనే భారీ వర్క్‌షాపు లేచింది. ఈస్ట్ కోస్ట్ రైల్వే ఉత్తర భాగం 1902లో కంపెనీ చేతికి రావడంతో హౌరా నుంచి కటకం, బరంపురం మీదుగా వాల్తేరు వరకూ ఒకే యాజమాన్యం ఏర్పడింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఆ పట్టాల వెంబడే వచ్చి లోకోషెడ్లలో, ఫౌండ్రీలో, గ్యాంగుల్లో చేరారు. బెంగాలీ, ఒడియా, హిందీ, తెలుగు మాట్లాడేవారు ఒకే షాపులో భుజం భుజం కలిపి పనిచేసిన ఊరది. అయితే ఇల్లు, ఆస్పత్రి, బడి, నీళ్లు అన్నీ కంపెనీవే. ఉద్యోగం పోయినవాడికి ఆ రోజే తలమీది కప్పు కూడా పోయేది. ఒప్పందస్వేచ్ఛ అనే మాటకు ఖరగ్‌పూర్ క్వార్టర్లలో ఎంత అర్థం ఉండేదో ఊహించడం కష్టం కాదు.

బరంపురంలో పుట్టిన గిరికి ఈ లైను పరాయిది కాదు. న్యాయశాస్త్రం చదవడానికి ఆయన 1913లో డబ్లిన్ చేరారు. ఆ నగర చరిత్రలో అతిపెద్ద లాకౌట్ జరిగింది ఆ ఏడాదే. వేలాది కార్మికులను నెలల తరబడి ఆకలికి గురిచేసి లొంగదీసిన ఆ పోరాటాన్ని, దాని వెనుక ఉన్న యూనియన్ నిర్మాణాన్ని ఆయన దగ్గర నుంచి చూశారు. 1916 తిరుగుబాటు తర్వాత ఐర్లండ్ వదిలి వచ్చారు. బరంపురంలో వకీలు వృత్తి, సహాయనిరాకరణ, జైలు, ఆ తర్వాత రైల్వే కార్మికులు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. దానికి పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు.

1927 ఖరగ్‌పూర్‌కు రెండుసార్లు పరీక్ష పెట్టింది. ఫిబ్రవరిలో మొదలైన సమ్మె సుమారు నెల రోజులు సాగింది, స్టేషన్‌లో కాల్పులూ జరిగాయి. సెప్టెంబరులో వర్క్‌షాపు నుంచి వెయ్యికి పైగా కార్మికులను తొలగిస్తామని కంపెనీ ప్రకటించింది. ప్రతిఘటన మొదలవగానే గేట్లకు తాళాలు పడ్డాయి. ఆ లాకౌట్ డిసెంబరు దాకా నడిచింది. యూనియన్ పక్షాన గిరి, సి.ఎఫ్. ఆండ్రూస్ రాజీ మార్గం వెదికారు. తీవ్రవాదుల దృష్టిలో అది సమయాన్ని చేజార్చుకోవడమే. పోరాటాన్ని లైను పొడవునా విస్తరిస్తే కంపెనీ మెడలు వంగేవని వారి వాదన. గిరి జీవితచరిత్రలు ఈ ఘట్టాన్ని అహింసాయుత విజయంగా చెబుతాయి. వామపక్ష చరిత్రకారులు ఇదే ఘట్టాన్ని వాడి తగ్గించిన పోరాటంగా చెబుతారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. మూడు నెలలు జీతం లేని కుటుంబాల చేత నాలుగో నెల కూడా పస్తులు పెట్టించే హక్కు నాయకుడికి ఎక్కడిదన్న ప్రశ్నకు మాత్రం విమర్శకులు తగినంత జవాబు చెప్పలేదు.

ఖరగ్‌పూర్‌లో గిరి గ్రహించినది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. సమ్మె చేయగల శక్తి ఉంటేనే బేరం నడుస్తుంది. ఆ శక్తిని చివరి బొట్టు దాకా వాడేస్తే బేరానికి ఏమీ మిగలదు. 1929లో నాగపూర్‌లో ఏఐటీయూసీ చీలినప్పుడు కూడా ఆయన ఈ లెక్కతోనే నడిచారు. కార్మిక సమస్యలపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలని మెజారిటీ నిర్ణయించగా, ఎన్.ఎం. జోషీ, గిరి తదితరులు బయటకు వచ్చి వేరే ఫెడరేషన్ పెట్టుకున్నారు. కమిషన్ ఎదుట కార్మికుని మాట వినబడకపోతే యజమాని మాటే రికార్డుకెక్కుతుందన్నది వారి అభిప్రాయం. దశాబ్దం తిరిగేసరికి రెండు పాయలూ మళ్లీ కలిశాయి.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కార్మిక మంత్రి అయ్యేనాటికి చట్టం వేరే దారి పట్టింది. యుద్ధకాలంలో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద 1942లో వచ్చిన నిర్బంధ న్యాయనిర్ణయ పద్ధతి 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో స్థిరపడింది. సమ్మె నోటీసు ఇవ్వగానే ప్రభుత్వం తగవును ట్రైబ్యునల్‌కు పంపవచ్చు, సమ్మెను నిషేధించవచ్చు. గిరి దృష్టిలో ఇది కార్మికోద్యమానికి మత్తుమందు. మూడోవాడు తీర్పు చెబుతాడని తెలిశాక ఎవరూ మనసిచ్చి మాట్లాడరు. యూనియన్ సభ్యులను కూడగట్టడం మాని వకీలును వెదుక్కుంటుంది. ‘గిరి విధానం’గా పేరొందిన ప్రత్యామ్నాయంలో మొదట చర్చలు, అవి విఫలమైతే సామరస్యాధికారుల ద్వారా మళ్లీ చర్చలు, ఇరుపక్షాలూ కోరితే స్వచ్ఛంద మధ్యవర్తిత్వం ఉంటాయి. అహ్మదాబాదు మిల్లుల్లో గాంధీ 1918లో నాటిన విత్తనానికి ఇది దగ్గరి చుట్టమే.

1952 అక్టోబరులో నైనిటాల్ కార్మిక సదస్సులో ఆయన ఈ వాదన వినిపించారు. యజమానులు ఒప్పుకోకపోవడం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యపరచింది యూనియన్ల వైముఖ్యం. వాటి భయం ఊరికే పుట్టలేదు. సభ్యుల చందాతో కార్యాలయం అద్దె కూడా రాని సంఘాలు, నాలుగు ముక్కలుగా చీలిన సంఘాలు, గుర్తింపే ఇవ్వని యజమానులు: ఇలాంటి స్థితిలో ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే కార్మికుడికి మిగిలేది స్వేచ్ఛ కాదు, ఒంటరితనం. ఖరగ్‌పూర్‌లో రైళ్లను ఆపగల సంఘాన్ని నడిపిన నాయకుడు దేశంలోని ప్రతి సంఘమూ అలాంటిదేననుకుని విధానం రచించారేమో అనిపిస్తుంది. సమబలం లేని చోట స్వచ్ఛంద ఒప్పందం కాగితం మీదనే స్వచ్ఛందం. గిరి విధానంలో అసలు లోపం అదే. ఆ సమబలాన్ని నిర్బంధ న్యాయనిర్ణయం ఎన్నటికీ పెరగనివ్వదన్న ఆయన హెచ్చరిక కూడా అంతే సత్యం. సంస్కరణల పేరుతో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల స్మృతి, ఒకప్పుడు ప్రజోపయోగ సేవలకే పరిమితమైన ముందస్తు సమ్మె నోటీసును అన్ని పారిశ్రామిక సంస్థలకూ విస్తరించిన తీరు చూస్తే ఆయన దేనికి భయపడ్డారో తెలుస్తుంది.

ఈ నేపథ్యంలో బ్యాంకు తీర్పు వచ్చింది. ఉద్యోగుల చేత సమ్మె మాన్పించి ట్రైబ్యునల్‌కు పంపినవారు, దాని తీర్పు ఖరీదుగా తోచగానే మార్చేశారు. అంటే స్వచ్ఛంద బేరమూ లేదు, నిర్బంధ న్యాయమూ లేదు. గిరి తనకు ఇష్టం లేని యంత్రాంగాన్ని మంత్రిగా నడిపారు, అది అవసరానికి తలవంచడం. ఆ యంత్రాంగం ఇచ్చిన మాటను యజమాని పక్షాన తప్పడానికి ఒప్పుకోలేదు. ఇచ్చిన మాట నిలబడకపోతే ఏ ఒప్పందానికీ పునాది ఉండదు కనుక, ఈ రాజీనామా ఆయన సిద్ధాంతానికి వ్యతిరేకమేమీ కాదు. ఆ తర్వాత ప్రభుత్వం కమిషన్‌ను నియమించక తప్పలేదు. జస్టిస్ గజేంద్రగడ్కర్ సిఫారసుల మీద 1955లో పార్లమెంటు చట్టం చేసింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే గిరికి అనుకూలంగా ఉండేది. 1969లో అంతరాత్మ ప్రబోధం పేరిట పడ్డ ఓట్లతో ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1971 డిసెంబరు 3న యుద్ధం వేళ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. యుద్ధం రెండు వారాల్లో ముగిసింది, ప్రకటన మాత్రం ముగియలేదు. 1974 మేలో రైల్వే సమ్మెను చట్టవిరుద్ధమన్నది ఆ ప్రకటన నీడలో బతికిన డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కిందనే. సమ్మెకు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్. ఆయన అధ్యక్షుడుగా ఉన్నది గిరి పూర్వం ప్రధాన కార్యదర్శిగా నడిపిన రైల్వేమెన్ ఫెడరేషన్‌కే. చర్చలు నడుస్తుండగానే మే 2న ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేశారు. మే 8 నుంచి 27 వరకూ ఇరవై రోజులపాటు దాదాపు 17 లక్షల మంది కార్మికులు ఆ సమ్మెలో పాల్గొన్నారు. వేలాది మంది జైళ్లకు వెళ్లారు, ఉద్యోగాలు కోల్పోయారు, రైల్వే కాలనీల్లో కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు కట్టుబడి ఉండాలన్న రాజ్యాంగ సంప్రదాయం ఆయన మౌనానికి సమాధానం చెప్పగలదు. ఇరవై ఏళ్ల కిందట మంత్రి గిరికీ ఉమ్మడి బాధ్యత అనే సంప్రదాయం ఉండేది. అప్పుడాయన దాన్ని దాటి బయటకు వచ్చారు.

సమ్మె విరమించిన మూడు నెలలకు, 1974 ఆగస్టు 24న, పదవీకాలం పూర్తి చేసుకుని గిరి రాష్ట్రపతి భవన్ నుంచి వెళ్లిపోయారు.