వర్ణరేఖను దాటినవారు

అమెరికా దేశమున బానిసత్వము 1865లో చట్టరీత్యా అంతరించినది. కాని మనుష్యుని మనుష్యునినుండి వేరుచేయు గీత చెరగలేదు. 1892లో లూయిసియానా రాష్ట్రమున హోమర్ ప్లెసీ అను నతడు తెల్లవారికి కేటాయించిన రైలుపెట్టెలో కూర్చుండి, నిర్బంధమునకు గురియయ్యెను. అతని రక్తమున ఎనిమిదింట ఏడు పాళ్లు తెల్లవారిదే. చూచినవారికి అతడు నల్లవాడని తోచదు. ఆ చట్టమును ఎదిరింపదలచినవాడు గనుక తన జాతిని తానే చెప్పుకొనెను. 1896లో సుప్రీంకోర్టు, వేరుపెట్టెలు న్యాయసమ్మతములేయని తీర్పు చెప్పెను.

ఇందలి వింతను మనము గమనింపవలెను. నలుపు కంటికే కనబడనప్పుడు దానిని నిర్ణయించునది చర్మము కాదు, వంశము. కనుకనే తెల్లని మేనిచాయగల కొందరు తమ వంశమును దాచి, తెల్లవారిలో కలిసి బ్రతుకజొచ్చిరి. దీనిని ఇంగ్లీషున 'పాసింగ్' అందురు. మంచి ఉద్యోగము, వోటు, భయములేని నిద్ర దీనివలన లభించును. మరి పోవున దేమి? ఈ ప్రశ్నకు ఆ జాతి నవలాకారులే సమాధానము వ్రాసిరి.

చార్లెస్ చెస్నట్ 1900లో 'ది హౌస్ బిహైండ్ ది సీడర్స్' అను నవలను ప్రకటించెను. అందు జాన్ అను యువకుడు పేరు మార్చుకొని, తెల్లవానిగా న్యాయవాదియై స్థిరపడును. పదేండ్లకు కన్నతల్లిని చూడ వచ్చినను, చీకటిపడిన పిమ్మటనే ఆ యిల్లు చేరును. చెల్లెలిని తనతో తీసికొనిపోవుదునన్నప్పుడు, బిడ్డ సుఖము కోరి ఆ తల్లి ఒంటరితనమునకు ఒడబడును. చెస్నట్ సైతము తెల్లవానిగా చెల్లదగిన చాయగలవాడే. అయినను ఆయన తన జాతిని విడువలేదు.

జేమ్స్ వెల్డన్ జాన్సన్ వ్రాసిన 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ యాన్ ఎక్స్-కలర్డ్ మ్యాన్' 1912లో రచయిత పేరు లేకయే వెలువడెను. అది నిజజీవితకథయేయని పెక్కురు నమ్మిరి. 1927 ముద్రణలో గాని ఆయన పేరు చేరలేదు. కథానాయకుడు సంగీతజ్ఞుడు. తన జాతి పాటలను సేకరింప దక్షిణదేశమునకు పోయి, అచట ఒక నల్లవానిని సజీవముగా దహించుట కన్నులార చూచును. ఆ భయముకన్న అవమానమే వానిని గీత దాటించెను. ధనము, కుటుంబము లభించినవి. పెట్టెలోని సంగీతపు వ్రాతప్రతులు మాత్రము పసుపువారి, నెరవేరని ఆశయమునకు సాక్షులై మిగిలినవి.

నెల్లా లార్సెన్ 1929లో వెలువరించిన 'పాసింగ్' నవలలో క్లేర్ అను స్త్రీ, నల్లవారిని ద్వేషించు తెల్లవాని భార్య. పుట్టబోవు బిడ్డ ఏ చాయతో పుట్టునోయని గర్భవతిగా ఉన్నన్నాళ్లు వణకినది. అయినను తనవారి మాటకు, నవ్వుకు మొగమువాచి, హార్లెముకు మరల మరల వచ్చును. రహస్యము భర్తకు తెలిసిన రాత్రి ఆమె కిటికీనుండి పడి మరణించును. తానే పడినదో, మరొకరి చేయి తగిలినదో రచయిత్రి తేల్చి చెప్పలేదు.

మూడు నవలలయందును గీత దాటినవారు వెనుకకు తిరిగి చూచుచునే యున్నారు. వారిని వంచకులని నిందించుట సులభము. కాని తల్లిని పగటివేళ పలుకరింపనీయని ధర్మమును కల్పించినది వారు కారు. పాఠశాలలలోని వేర్పాటును 1954లోను, వర్ణాంతర వివాహములపై నిషేధమును 1967లోను సుప్రీంకోర్టు కొట్టివేసినది. చట్టము గీచిన గీతను చట్టము చెరిపినది. దాని కిరువైపుల విడిపోయిన తల్లీబిడ్డలను కలుపుట మాత్రము ఏ తీర్పునకును సాధ్యము కాలేదు. ఆ లోటును మనకు తెలుపునవి ఈ నవలలే.