కాలవ రేవు కబుర్లు

మా అమ్మమ్మ ఏ సంగతి చెప్పినా తేదీలతో చెప్పేది కాదు. “కాలవ కట్టేసిన వారానికి మీ పెద్దమావయ్య పుట్టాడు”, “కాలవ వదిలిన మర్నాడే కదుటే మీ అమ్మని చూసుకోడానికి పెళ్ళివారు దిగారు!” అనేది. ఇంట్లో గోడకి పంచాంగం వేలాడుతూనే ఉండేది. తిథీ వారం దుర్ముహూర్తం చూసుకోడానికే గాని, జ్ఞాపకాలకి మాత్రం ఆవిడ పంచాంగం ఇంటి ముందున్న కాలవే.

కోనసీమలో పుట్టి పెరిగిన వాళ్ళకి ఇదేం వింత కాదు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, కింద సముద్రం, మధ్యలో చీలిన వైనతేయ – ఇన్ని నీళ్ళ నడుమ ఉన్నా మన ఆడవాళ్ళ దినచర్యని నడిపించింది ఆ పెద్ద గోదావరి కాదండీ. వీధిలోంచి పోయే ఈ చిన్న కాలవ. ఎన్నింటికి లేవాలి, ఏ వేళకి మడి కట్టుకోవాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి, అన్నీ అదే నిర్ణయించేది.

ఇంతకీ ఆ కాలవ అనాదిగా ఉన్నది కాదని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. దేవుడు కొబ్బరిచెట్లనీ కాలవనీ ఒకేరోజు సృష్టించాడనుకునేదాన్ని! గోదావరి నిండుగా పారుతూండగానే ఈ డెల్టా కరువులతో అల్లాడిన రోజులున్నాయి. 1832-33లో వచ్చిన నందన కరువు సంగతి తరతరాలు చెప్పుకున్నారు. 1839లో కోరంగి మీద విరుచుకుపడిన తుపాను సరేసరి. వరదొస్తే ముంపు, వర్షం తప్పితే ఎండు. ఏటి నిండా నీళ్ళున్నా అవి చేను ఎక్కే దారి లేదు. ఆ దారి వేసినాయన ఆర్థర్ కాటన్. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా గోదావరికి అడ్డంగా రెండు మైళ్ళకి పైగా కట్టిన కట్టడం అది. ఆ పనిలో కాటన్ దొరకి కుడిభుజంగా నిలిచింది మన తెలుగువాడు వీణెం వీరన్నగారు. నూట ముప్ఫయ్యేళ్ళు సేవ చేసిన ఆ పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి 1982లో వచ్చింది. పేరు మాత్రం కాటన్‌దే.

మా అమ్మమ్మగారి ఊరు రాజోలు వైపు. ఆ పక్కకి నీళ్ళు రావడం ఇంకో పెద్ద కథ. వైనతేయకీ వశిష్ఠకీ మధ్యనున్న ఆ నేలని నగరం దీవి అనేవారు. చుట్టూ ఏళ్ళే, కాలవ నీళ్ళు రావాలంటే మాత్రం మధ్యలో వైనతేయ అడ్డం. అప్పుడు గన్నవరం దగ్గర ఏటి మీద నలభై తొమ్మిది కమానులతో అక్విడెక్టు కట్టి, కింద నది పారుతూండగా పైనుంచి కాలవని నడిపించారు. కట్టించిన ఇంజనీరు హేగ్ అనే ఆయన. ఏటి మీద ఏరు! చిన్నప్పుడు దాని మీంచి వెళ్తూంటే, “కింద గోదారి, పైన గోదారి, మధ్యన మనం” అనేది అమ్మమ్మ. మా రేవులో ముంచిన ప్రతి బిందెడు నీరూ ఆ కమానుల మీంచి నడిచొచ్చినదే.

ఇక రేవు సంగతి. తెల్లారుజామున కాకి అరవకముందే ఇత్తడి బిందెలు చంకనెత్తుకుని ఆడవాళ్ళు బయల్దేరేవారు. ఎవరూ నీళ్ళలో దిగి కలచకముందే మంచినీళ్ళు పట్టుకోవాలి. అది మొదటి నియమం. ఆ తర్వాత స్నానాలు, ఆపైన బట్టలు, చివర అంట్లు. చింతపండూ బూడిదా కొబ్బరిపీచూ పెట్టి రెండు చేతులా తోమితే బిందె సూర్యుడితో పోటీపడేది. “ఎవరి బిందె ఎంత మెరిస్తే వారి కోడలు అంత బుద్ధిమంతురాలు” అని రేవులో ఒక లెక్క. దాంతో కొత్తకోడళ్ళ చేతులు ఎంత మంటెత్తేవో ఆ లెక్క వేసినవాళ్ళకి అక్కర్లేదు.

కాని అదేమిటో, మా అమ్మమ్మకి ఆ చాకిరీ గుర్తుండేది కాదు. గుర్తున్నదల్లా కబుర్లే. ఇంట్లో గట్టిగా నవ్వితే తప్పు, వీధి గుమ్మంలో నిలబడితే తప్పు. రేవులో మాత్రం నవ్వొచ్చు. అత్తగారి మాట పక్కింటి పిన్నిగారి చెవిన వెయ్యొచ్చు. పుట్టింటి వైపునుంచి పడవ వస్తోందేమో చూడొచ్చు. అప్పట్లో పడవలంటే మాటలా! ఇంజనీర్లు కాలవలు తవ్వింది చేలకే కాదు, రాకపోకలకి కూడా. అందుకే లొల్ల దగ్గరా ఇంకా ఎన్నో చోట్లా లాకులు కట్టారు. కాకినాడలో ఎక్కించిన సరుకు కాలవల వెంటే కృష్ణ దాటి, బకింగ్‌హాం కాలవలో పడి మద్రాసు దాకా చేరేది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే మనుషులే తాడు భుజాన వేసుకుని గట్టమ్మట లాగుకుపోయేవారు. ధాన్యం, ఉప్పు, కొబ్బరికాయలు, కుండలు, మధ్యన పెళ్ళివారు – అన్నీ మా రేవు ముందునుంచే. “ఏ ఊరు పడవండీ?” అని అడగడం, సమాధానం వచ్చేలోగా పడవ వంపు తిరిగిపోవడం. అంతే. దానికే రోజంతా సంతోషం!

వర్షాకాలం రాగానే ఎర్రనీరు వచ్చేది. బిందె ముంచితే సగం గోదావరి, సగం ఒండ్రు. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇండుపగింజ బయటికొచ్చేది. బిందె లోపలి అంచున నాలుగుసార్లు అరగదీస్తే కాస్సేపటికల్లా మట్టి అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటగా నిలిచేవి. అది మా అమ్మమ్మ కనిపెట్టిన చిట్కా కాదు లెండి. కతకమనే పేరుతో సుశ్రుతసంహితలోనే ఉంది. అయితే తేటనీరంతా మంచినీరు కాదని ఆ రోజుల్లో తెలియదు. కలరాకి కారణమైన క్రిమిని రాబర్ట్ కోచ్ అనే జర్మనీ వైద్యుడు కలకత్తా వచ్చి, చెరువు నీళ్ళు పరీక్షించి మరీ నిర్ధారించింది 1884లో. ఆ కబురు మా రేవు చేరడానికి ఇంకెన్ని దశాబ్దాలు పట్టిందో! అమ్మమ్మ తోడబుట్టినవాళ్ళలో ఇద్దరు చిన్నతనంలోనే వాంతులూ విరేచనాలతో పోయారు. దాన్ని ఆవిడ ‘అమ్మవారి కోపం’ అనేది. కాలవని మాత్రం ఎన్నడూ ఒక్క మాట అనేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. రేవు అందరిదీ అనుకుంటాం గాని, అందరికీ ఒకే రేవు ఉండేది కాదు. పై కులాలకి ఎగువన, తక్కినవాళ్ళకి దిగువన. పై రేవులో మేం తోమిన బూడిద నీళ్ళు కింది రేవులో ఎవరి బిందెలోకి వెళ్ళేవో అమ్మమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. నేనూ చాలా ఏళ్ళు ఆలోచించలేదు. నీళ్ళకి లేని అంతరం మనుషులు పెట్టారు. కొళాయి వచ్చి ఆ హద్దుని చెరిపినంతవరకూ దానికి దణ్ణం పెట్టుకోవలసిందే.

కాలవ తెచ్చిన జనంతో పాటు వాళ్ళ ఆకలి కూడా వచ్చేది. గన్నవరం అటూ ఇటూ పోయే బాటసారులు ఏరు దాటే చోటు. అక్కడ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళా పాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టింది. 1841లో మండపేటలో పుట్టి, జోగన్నగారి ఇల్లాలై వచ్చి, 1909లో కన్నుమూసేదాకా ఆవిడ చేసింది మనమందరం రోజూ చేసే పనే. పొయ్యి రాజెయ్యడం, ఎసరు పెట్టడం, విస్తరి వెయ్యడం. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భంలో పిలుపు వస్తే, ‘వంట ఎవరు చేస్తారు?’ అన్నట్టుగా ఆవిడ వెళ్ళలేదని చెప్పుకుంటారు. 2000లో గన్నవరంలో ప్రారంభమైన కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. వంటింటి దినచర్య చరిత్రలోకి ఎక్కడం అరుదు సుమండీ!

సరే, ఏడాదిలో రేవుకి అసలైన పండగ కార్తీకమాసం. అరటిదొప్పల్లో దీపాలు వెలిగించి వదిలితే, ఊరూరి దీపాలూ కలిసి కాలవ వెంట సాగిపోయేవి. అమావాస్య మర్నాడు పోలి స్వర్గం. కథ మీకు తెలిసిందే. అత్తగారు తక్కిన కోడళ్ళని వెంటబెట్టుకుని ఏటికి స్నానానికి పోతూ, చిన్నకోడలు పోలిని ఇంట్లోనే వదిలేస్తుంది. పోలి కవ్వానికంటిన వెన్న తీసి, పెరట్లో పత్తి ఏరి వత్తి చేసి, బుట్టకింద దీపం పెట్టుకుంటుంది. విమానం చివరికి ఆ పిల్లకే వస్తుంది. చిన్నప్పుడు ఇది భక్తి కథ అనుకున్నాను. ఇప్పుడు వింటే వేరేగా తోస్తుంది. రేవుకి వెళ్ళనివ్వకపోవడం ఒక కోడలికి ఎంత పెద్ద శిక్షో తెలిసినవాళ్ళే ఈ కథ అల్లి ఉంటారు.

వేసవి రాగానే కాలవ కట్టేసేవారు. దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకని నీళ్ళు ఆపి, మళ్ళీ జూన్‌లో సార్వాకి వదిలేవారు. ఆ నడుమ రోజుల్లో మంచినీళ్ళకి చెరువే గతి. కాని పిల్లలకి మాత్రం అదో వినోదం. ఏడాది పొడుగునా రేవులో జారిపోయినవన్నీ బురదలో బయటపడేవి. చెంబులు, గరిటెలు, గాజుముక్కలు, కానీ డబ్బులు. మా పెద్దమ్మ పెళ్ళయిన కొత్తలో పుట్టింటివారిచ్చిన వెండి కుంకుమభరిణె ఆ రేవులోనే జారిపోయింది. అత్తగారితో చెప్పుకోలేక, ఏటేటా కాలవ కట్టేసినప్పుడల్లా ఏదో పనున్నట్టు దిగి కాళ్ళతో తడుముకునేది. ముప్ఫయ్యేళ్ళు వెతికింది! దొరికిన గరిటెలన్నీ ఎవరివి వాళ్ళకిచ్చేసింది గాని, భరిణె మాత్రం దొరకలేదు. “ఎక్కడికి పోతుందే, ఇక్కడే ఉంటుంది” అనేది, బేంకులో దాచుకున్నదానిలా.

తర్వాత బస్సులొచ్చాయి, పడవలు పోయాయి. బోరింగులొచ్చాయి, కొళాయిలొచ్చాయి. రేవు మెట్ల మీద నాచు పట్టింది. అయ్యో ఆ రోజులు అని నేననను. చంకన బిందెతో నడుం విరిగిన తరం మనకి బాగా తెలుసు. మా కోడల్ని తెల్లారుజామున బిందె పుచ్చుకుని వెళ్ళమంటే, నన్నే ముందు వెళ్ళమంటుంది. న్యాయమే.

మొన్న వేసవిలో అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. కాలవ కట్టేసి ఉంది. పెద్దమ్మ లేదు గాని, పాత అలవాటు కొద్దీ రేవు దగ్గర నిలబడి కిందికి చూశాను. నల్లటి బురద, సీసాలు, షాంపూ పొట్లాలు, పాలకవర్లు. వాటి మధ్య ముడివేసిన ఒక ప్లాస్టిక్ సంచి, లోపల ఎండిన బంతిపూలు, తమలపాకులు. ఎవరో భక్తిగా నిర్మాల్యం నీళ్ళలో కలిపారన్నమాట. ఎవరా మహాతల్లి అని తిట్టుకోబోయి ఆగిపోయాను. ఎందుకంటే, శ్రావణమాసంలో ఇలాంటి సంచే నేనూ అమలాపురంలో మా ఇంటి దగ్గర కాలవలో వదిలాను. చేతికి తడి అంటకుండా, వంతెన మీంచి.

ఆలోచిస్తే ఒకటి తోచింది. రోజూ ఆ నీళ్ళు ముంచుకున్నన్నాళ్ళూ రేవుకి వందమంది కాపలా. ఎగువన ఎవరైనా చెత్త వేస్తే “ఎవర్రా అది!” అని ఇటునుంచి కేక వెళ్ళేది. కొళాయి రాగానే మనం వీపు తిప్పాం. కాలవకి అడిగేవాళ్ళు లేకపోయారు. తమాషా ఏమిటంటే, కోనసీమలో చాలా ఊళ్ళ కొళాయిలోకి వచ్చేదీ ఈ కాలవ నీళ్ళే. చెరువులోకి తోడి, వడగట్టి పంపుతారు, అంతే. మనం వంతెన మీంచి పారేసింది చుట్టుతిరిగి మన వంటింట్లోకే వస్తోంది. ఒకప్పుడు మా పై రేవు బూడిద నీళ్ళు కింది రేవుకి వెళ్ళినట్టే.

ఇప్పుడు మా ఇంట్లో పూజ పువ్వులు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతున్నాయి. పెద్ద ఘనకార్యమేం కాదు. జూన్‌లో కాలవ వదిలిన రోజు మాత్రం మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఎండిన అడుగు మీద ముందుగా నురగ, చెత్త, ఆకులు దొర్లుకుంటూ వచ్చాయి. వెనకాల మెల్లిగా నీళ్ళు. చిన్నది కేరింతలు కొట్టి, “అమ్మమ్మా, దీని కింద ఏముంది?” అంది.

“మా పెద్దమ్మ వెండి భరిణె ఉంది” అన్నాను.

“అయితే మళ్ళీ కట్టేసినప్పుడు వెతుకుదాం” అంది.

ఆయ్, వెతుకుదాం. అది కనబడాలంటే ముందు ఆ సంచులన్నీ తియ్యాలి కదా!