రసీదు పుస్తకం చెప్పిన చరిత్ర

మన పూర్వ విద్యార్థుల సంఘం 1974లో పుట్టింది. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ లెక్కల మాస్టారి బెత్తం గురించో, వేపచెట్టు కింద ప్రార్థన గురించో రాద్దామనుకున్నాను. అంతలో ఇంట్లో బీరువా సర్దుతుంటే 1999 నాటి రజతోత్సవ రసీదు పుస్తకాలు మూడు బయటపడ్డాయి. అప్పట్లో చందాల వసూలు బాధ్యత నాది. ఆ కౌంటర్‌ఫాయిళ్లు తిరగేస్తూ కూర్చుంటే నేను రాయాల్సింది బెత్తం గురించి కాదనిపించింది.

నా ఉద్యోగ జీవితంలో చివరి పదిహేనేళ్లు ఒక విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల సంబంధాల విభాగం చూశాను. అధ్యాపకుడిగా చేరినవాణ్ణి. "నువ్వు నలుగురితో బాగా కలుస్తావు కదా" అని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. విరాళాలు అడగడానికి మాటకారితనం చాలునని వాళ్లూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మొదటి ఏడాది పాత విద్యార్థులందరికీ ఒకే ఉత్తరం పంపాను. నాలుగు వాక్యాలు, కింద బ్యాంకు ఖాతా నంబరు. దాదాపు ఎవరూ పలకలేదు. ఆ తర్వాతే శిక్షణ తరగతులకు వెళ్లాను. ఇదొక వృత్తి అనీ, దీనికో చరిత్ర ఉందనీ అక్కడ తెలిసింది.

ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టం మన తీరంతో ముడిపడి ఉంది. 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జ్ కోటకు ఈస్టిండియా కంపెనీ తరఫున ఎలిహు యేల్ అధిపతి. సొంత వ్యాపారం చేసుకుంటున్నాడన్న ఆరోపణల మీద కంపెనీ అతణ్ణి తప్పించింది. ఆస్తి మాత్రం బాగా కూడబెట్టుకుని ఇంగ్లండు వెళ్లిపోయాడు. అమెరికాలో కనెక్టికట్‌లోని ఓ చిన్న కళాశాలకు భవనం కావలసి వచ్చినప్పుడు, కాటన్ మేథర్ అనే మతాచార్యుడు 1718లో అతనికి ఉత్తరం రాశాడు. సాయం చేస్తే కళాశాల మీ పేరు మోస్తుందని, అది పిరమిడ్ల కన్నా మేలైన స్మారకమవుతుందని అందులో సూచించాడు. యేల్ తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, జార్జ్ రాజుగారి చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. కళాశాలకు అతని పేరు పెట్టారు. అదే నేటి యేల్ విశ్వవిద్యాలయం.

ఈ కథ చెప్పి మా శిక్షకురాలు రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: ఆ ఉత్తరం ఎందుకు పనిచేసింది? అడిగిన మనిషికి ఇచ్చే మనిషి మనసు తెలుసు కనక. రెండోది: ఆ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగారా? అప్పట్లో అడగలేదు. మూడు వందల ఏళ్లు గడిచాక, బానిసత్వంతో తమ సంస్థకున్న సంబంధాలకు యేల్ విశ్వవిద్యాలయం 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. గోడ మీద పేరు చెక్కించడం ఒక రోజు పని. దానికి జవాబు చెప్పుకోవడం మాత్రం తరతరాల పని.

పూర్వ విద్యార్థులు సంఘంగా కూడటం ఆ తర్వాతి సంగతి. 1821లో మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కళాశాల అధ్యక్షుడు కొంతమంది విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లి ఆమ్‌హర్స్ట్‌లో వేరే కళాశాల మొదలుపెట్టాడు. తమ కళాశాల మూతపడుతుందేమోనని భయపడి, చదివి వెళ్లినవాళ్లు సంఘం కట్టారు. అమెరికాలో ఇలాంటి సంఘాల్లో అదే అన్నిటికన్నా పాతది. 1890లో యేల్ పూర్వ విద్యార్థులు ఏటేటా చందా ఇచ్చే నిధి ప్రారంభించారు. ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చే జమీందారు కోసం ఎదురుచూడకుండా, చదువుకున్న ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి తమకు తోచినంత ఇవ్వాలన్న పద్ధతి అలా వ్యాపించింది.

ఇవన్నీ చూసుకోవడానికి కార్యదర్శులు పుట్టుకొచ్చారు. 1913లో ఒహాయోలో కలుసుకుని తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఎవరి ఊళ్లో ఏ పద్ధతి పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో ఒకరికొకరు చెప్పుకోవడమే వాళ్ల మొదటి శిక్షణ. ఆ సంఘమే పెరిగి పెద్దదై, 1974లో కళాశాలల ప్రజాసంబంధాల వారి సంఘంతో కలిసిపోయి 'కేస్' అయింది. నేటికీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు శిక్షణ, ప్రమాణాలు అందించే ప్రధాన సంస్థ అదే. అదే 1974లో హెన్రీ రోసో అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో విరాళాల సేకరణ నేర్పే బడి తెరిచారు. తర్వాత అది ఇండియానా విశ్వవిద్యాలయానికి చేరింది. అడగడమంటే చేయి చాచడం కాదు, ఇవ్వడంలోని సంతోషాన్ని ఎదుటివారికి పరిచయం చేయడమన్నది ఆయన బోధన సారం. మన సంఘం, కేస్, రోసోగారి బడి, మూడూ ఒకే ఏడాది పుట్టాయని తెలిసి నవ్వుకున్నాను. వాళ్లు నేర్పుతున్నది మన చెవిన పడి ఉంటే బాగుండేది.

మనకు దానం కొత్త కాదు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ప్రజల చందాలతో నిలబెట్టారు. 1916లో పునాది పడిన కాశీ హిందూ విశ్వవిద్యాలయం కోసం మాలవీయగారు దేశమంతా తిరిగారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు చేసిన సాయానికి గుర్తుగా అక్కడి సైన్సు కళాశాల ఆయన పేరు మోస్తోంది. ఇక మన కాలంలో, తాను విద్యార్థిగా చేరి 50 ఏళ్లయిన సందర్భంగా నందన్ నీలేకని 2023లో ఐఐటీ బొంబాయికి 315 కోట్లు ఇచ్చారు. 2024 ఆగస్టులో కృష్ణా చివుకులగారు ఐఐటీ మద్రాసుకు 228 కోట్లు ఇచ్చారు. ఇలాంటి వార్తలు చదివి "మనకూ అలాంటివాడు ఒక్కడు దొరికితే చాలు" అనుకుంటాం. అక్కడే పొరపడతాం. ఆ సంస్థలు పాత విద్యార్థులతో సంబంధాల కోసం ప్రత్యేకంగా విభాగాలు పెట్టుకుని, ఏళ్ల తరబడి మనుషులతో సంబంధం తెగకుండా కాపాడుకున్నాయి.

మాకు నేర్పిన క్రమం చెబుతాను. ముందు ఎవరెక్కడున్నారో తెలుసుకోవాలి. తర్వాత డబ్బు ఊసెత్తకుండా పలకరించాలి, బడికి పిలవాలి. ఆ పైన అడగాలి. ఇచ్చాక వెంటనే కృతజ్ఞత చెప్పాలి. చివరికి, ఆ డబ్బు ఏమైందో లెక్క చెప్పాలి. ఇందులో అడగడం ఒక్క మెట్టే. మనం సాధారణంగా ఎక్కేది ఆ ఒక్కటే. మరో గట్టి నియమం ఉంది: వసూలు చేసేవారికి వసూలైన దాంట్లో శాతం ఇవ్వకూడదు. అలా ఇస్తే దాత మేలు పక్కకుపోయి కమీషనే కనబడుతుంది. 1993లో ఈ వృత్తి సంఘాలు కలిసి దాతల హక్కుల పత్రం కూడా ప్రకటించాయి. ఇచ్చిన ఉద్దేశానికే డబ్బు వాడతారన్న భరోసా, సంస్థ ఆర్థిక నివేదిక చూసే హక్కు, తగిన గుర్తింపు అందులో ఉన్నాయి.

ఆ 'తగిన గుర్తింపు' అన్న మాట దగ్గర నా గొంతులో ముల్లు పడింది.

1999లో సైన్సు ల్యాబు గది కోసం మనం చందాలెత్తాం. 5,116 రూపాయలు, ఆపైన ఇచ్చినవారి పేర్లు రాతి పలక మీద చెక్కించాలని కమిటీలో తీర్మానించాం. సంచికలో పేజీలు మిగలడానికి 500 లోపు వారి పేర్లు తీసేద్దామన్నది నేనే. నా తరగతి మిత్రుడొకడు మగ్గం నేస్తాడు. ఇంటికి వెళ్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నూటపదహార్లు చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో అతనికది చిన్న మొత్తం కాదు. ఉత్సవం రోజున కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. పలక మీద వెతికాడు, సంచిక తిరగేశాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. భోజనాలకు ఉండకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ సమావేశానికీ రాలేదు. ఈ సంగతి నాకు పదేళ్ల తర్వాత ఇంకో మిత్రుడు చెప్పాడు. అప్పటికి నేను ఊరూరా తిరిగి దాతల గౌరవం గురించి ఉపన్యాసాలిస్తున్నాను.

పలక మీద పేర్లు 31. కౌంటర్‌ఫాయిళ్లు మూడు పుస్తకాలు. ఆ తేడా అంతా మన తప్పే, ముఖ్యంగా నాది.

ఇప్పుడు గ్రంథాలయం కోసం మళ్లీ అడగబోతున్నాం కనక నాకు తెలిసినవి నాలుగు మాటలు. సంచికలో దాతలందరి పేర్లూ అక్షరక్రమంలో, మొత్తాలు లేకుండా వేద్దాం. అందిన ప్రతి రూపాయికీ రసీదు, ఏడాది తిరిగేలోపు ఖర్చుల లెక్క అందరికీ పంపుదాం. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు చెప్పుకోవాలంటే స్వీకరించే సంస్థకు ఆ ఆమోదం ఉండాలి, 2,000 దాటిన నగదుకు అది వర్తించదు. అమెరికా మిత్రుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు లేదా ముందస్తు అనుమతి లేకుండా మన సంఘం తీసుకోకూడదు. మొహమాటానికి పోయి ఎవరి ఖాతాలోనో వేయించుకోవద్దు.

ఇది రాసే ముందు ఆ మిత్రుడి ఇంటికి వెళ్లాను. మగ్గం అలాగే ఉంది. పాతికేళ్ల ఆలస్యంగా తప్పు ఒప్పుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి బ్యాంకు పుస్తకంలోంచి మడతపెట్టిన కాగితం తెచ్చాడు. నేను రాసిచ్చిన రసీదు.

"దీని మీద కూడా నా ఇంటిపేరు తప్పు రాశావురా," అన్నాడు.

ఉత్సవానికి రమ్మన్నాను. "వస్తానో రానో చెప్పలేను. పేరు మాత్రం ఈసారి సరిగ్గా వేయించు. మావాడు చూస్తాడు," అన్నాడు.

ఈ సంచిక చివరి పేజీల్లో 1999 నాటి చందాదారుల పేర్లన్నీ వేయడానికి కార్యవర్గం ఒప్పుకుంది. మూడు పుస్తకాలూ ముందేసుకుని ఒక్కొక్కటే నకలు రాశాను. ఎక్కడైనా అక్షరం తప్పితే దయచేసి చెప్పండి, ఉత్సవం రోజున ప్రవేశద్వారం పక్కన బల్ల దగ్గర నేనే కూర్చుంటాను.

— ఒక పూర్వ విద్యార్థి, 1979 పదో తరగతి