ఓరుగల్లు సీమలో పురుడు – నాడు, నేడు

మన పల్లెలయందు పురుడనిన ఒకనాడు ఆడుదానికి పునర్జన్మయే. తొలిచూలు కోడలిని చీకటి గదిలోనికి పంపి, మంత్రసానిపైనను దైవముపైనను భారము వైచి, ఇంటిల్లిపాదియు వాకిట కూర్చుండెడివారు. మంత్రసానికి అనుభవము గలదు. కాని నెత్తురు నిలువకున్నను, బిడ్డ అడ్డము తిరిగినను ఆమె చేయగలిగినది స్వల్పము.

ఇది మన దేశమునకే పట్టిన దురదృష్టమని తలంపరాదు. 1934లో ఇంగ్లండునందు సైతము లక్ష కాన్పులకు 400 మందికి మించి తల్లులు మరణించిరి. వైద్యులు చేతులు మందునీట కడిగికొన్నచో బాలింత జ్వరము తగ్గునని వియన్నాలో సెమ్మెల్‌వైస్ 1847లోనే చూపెను. నాటి పెద్దలు వినరైరి. 1936 మొదలు సల్ఫా మందులు, పిదప రక్తమెక్కించు విధానము, పెన్సిలిన్ వ్యాపించిన మీదట ఆ మరణములు వేగముగ తగ్గినవి. కావున తల్లిని రక్షించునది జాతి కాదు, ధనమొక్కటియే కాదు. తెలిసిన విద్య వేళకు ఆమె మంచమును చేరుటయే.

ఓరుగల్లున కాకతీయ వైద్య కళాశాల 1959లో నెలకొన్నది. హనుమకొండ ప్రసూతి ఆసుపత్రియు, వరంగల్లులోని చందా కాంతయ్య స్మారక ఆసుపత్రియు ఎందరికో పుట్టినిల్లైనవి. 2005లో 108 బండ్లు వచ్చినవి. 2018–20 లెక్కలలో లక్ష కాన్పులకు తెలంగాణమున మరణించిన తల్లులు 43 మంది, దేశమున 97, అస్సామున 195. ఆఫ్రికాలోని చాడ్ దేశమున 2020 అంచనా వేయికి మించినది. 2023లో లోకమున సుమారు 2,60,000 మంది తల్లులు గతించిరి. వారిలో నూటికి 90కి పైగా బీద దేశములవారే.

మన సీమలోను ఈ అంతరము తొలగలేదు. ఏటూరునాగారము అడవి పల్లెలలో వాగు పొంగిననాడు గర్భిణిని మంచముపై మోసికొని పోవు వార్తలు వినుచునే యున్నాము. వేరొకవైపున, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణ కాన్పులలో నూటికి 60, ప్రైవేటు ఆసుపత్రులలో 80కి మించి, కడుపు కోసి చేసినవే. అవసరమైనచో కత్తి ప్రాణదాత. ముహూర్తము కొరకు కోసిన కోత తల్లికి వృథా గాయము, మరుకాన్పునకు చిక్కు. ఒకచోట వైద్యమందదు, ఒకచోట అతియగును.

గ్రామపెద్దలారా! కాన్పు పిదప నెత్తురు పోవు తల్లికి గడువు గడియలలోనే యుండును. పోదమా, మానుదమా యని మనము తర్కించుచుండగనే ఆ గడువు తీరిపోవును. వానకాలమున గర్భిణిని నెలలు నిండకమునుపే వాగు దాటింపుడు. రక్తమిచ్చువారిని ముందే యెరిగియుండుడు. ముహూర్తము వివాహమునకు పెట్టుడు, పుట్టుకకు పెట్టకుడు.