వెండినాణెముపై విషసర్పము

మెక్సికో దేశపు టంకశాల 1982 నుండి ముద్రించుచున్న ‘లిబర్తాద్’ అను వెండినాణెమును చేతబట్టి చూచినవారికి ఒకవైపున రెక్కలు విచ్చిన విజయదేవతయు, ఆమె వెనుక రెండు అగ్నిపర్వతములును, రెండవవైపున నాగజెముడు పొదపై నిలిచి పామును చీల్చుచున్న గ్రద్దయు కానవచ్చును. ఆ పాము సామాన్యమైనది కాదు. తోక చివర గిలకవలె మ్రోగు పూసలు గలిగి, కుబుసము విడిచినపుడెల్ల ఒక్కొక్క పూస పెంచుకొనుచు, శత్రువు సమీపించినపుడు ఆ పూసలను ఆడించి హెచ్చరించునట్టి అమెరికా ఖండపు విషసర్పమది. ఈ దృశ్యమును చూడగనే మన పాఠకునకు వైనతేయుడు స్ఫురించుట సహజమే కాని, సముద్రములకావల పుట్టిన కథకు మన పురాణముతో చుట్టరికము కల్పించుట చరిత్ర కానేరదు.

ఆ కథ యిది. మెషీకులు అను జాతివారు తమ కులదైవమైన హ్విత్సిలోపోచ్‌త్లి ఆజ్ఞానుసారముగా నివాసస్థలమును వెదకుచు సంచరించి, తెష్కోకో సరస్సు నడిమి దీవిలో నాగజెముడుపై వ్రాలిన గ్రద్దను చూచి, అదియే దేవుడు చెప్పిన గుర్తని గ్రహించి, 1325లో తెనోచ్‌తిత్లాన్ నగరమును స్థాపించిరని ఐతిహ్యము. ఆ గ్రద్ద కూర్చున్న మొక్క జాతియే కాలాంతరమున ఓడలెక్కి వచ్చి మన పొలిమేరలలో కంచెగా పెరిగినది. కాని ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఈ కథ యొక్క ప్రాచీనరూపములలో పాము నిలుకడగా కానరాదు. స్పెయిన్ రాజప్రతినిధి ఆంతోనియో దె మెందోసా పేరిట ప్రసిద్ధమై, సుమారు 1541 ప్రాంతమున చిత్రింపబడిన గ్రంథమున గ్రద్ద యున్నది, నాగజెముడున్నది, పాము లేదు. 1926లో భూగర్భమునుండి వెలికితీయబడిన ఒక శిలామందిరముపై గ్రద్ద ముక్కునుండి వెలువడుచున్నది పాము కాదు, జలాగ్నుల పెనుగులాటగా యుద్ధమును సూచించు సంకేతము. దియేగో డ్యురాన్ అను క్రైస్తవసన్యాసి వ్రాసిన చరిత్రలోనైతే వాక్యమున గ్రద్ద గోళ్లలో అందమైన ఈకల పక్షి, పటమున పాము!

మెలికలు దిరిగిన ఆ యుద్ధసంకేతమును తరువాతివారు పాముగా భావించిరని కొందరు పండితుల ఊహ. నాకది యుక్తముగనే తోచుచున్నది. ఏలయన, ఈకల సర్పమును దేవతగా కొలిచి, మహాదేవాలయపు మెట్లకిరువైపుల సర్పశిరస్సులను నిలిపిన మెషీకులకు పామును చీల్చుట పుణ్యకార్యముగా తోచియుండుటకంటె, సర్పమును పాపమునకు ప్రతీకగా చూచు క్రైస్తవదృష్టికి అది నచ్చియుండుటయే సంభావ్యము.

ఏది యెట్లున్నను, స్పెయిన్ పాలన అంతరించిన పిమ్మట 1823 ఏప్రిల్‌లో మెక్సికో మహాసభ గ్రద్దను, నాగజెముడును, పామును కలిపి రాజ్యచిహ్నముగా శాసించెను; ఆ సంవత్సరమే అది వెండికెక్కెను. అంతకు పూర్వము, 1535లో రాజాజ్ఞచే ఏర్పడి ఆ మెందోసా కాలముననే పని ప్రారంభించిన మెక్సికో టంకశాల, దాదాపు మూడు శతాబ్దములు స్పెయిన్ రాజుల చిహ్నములనే ముద్రించుచుండెను. 17వ శతాబ్దమున బందరురేవులో అద్దకపు బట్టలు కొనవచ్చిన ఐరోపా వర్తకులు బరువుగా మోసుకొనివచ్చిన వెండిలో గణనీయమైన భాగము అమెరికా గనులదే; అయితే ఆ నాణెములపై మన షరాబులు చూచినవి రాజచిహ్నములు, పాము కాదు.

పాము పేరుపొందినది చీనాదేశమున. ఆ చిహ్నము గల ఎనిమిది రియాళ్ల మెక్సికో నాణెము 27 గ్రాములకు కొంచెము మించి, అనగా మన పాత రూపాయి తులము తూగగా రెండుంబావు తులములకు మించి తూగుచు, నూటికి తొంబది పాళ్లు వెండి కలిగియుండెను. స్పెయిన్ రాజుల నాణెములు అరుదైన కొలది 1850 తరువాత చీనా రేవులలో దీని రాజ్యమే సాగెను. అచటి షరాబులు ప్రతి నాణెమును పరీక్షించి, నమ్మకము కుదిరినపుడు తమ చిన్న ముద్రను దానిపై గ్రుద్దెడివారు. అట్టి ముద్రలతో గ్రద్ద రెక్కలు, పాము మెలికలు గుర్తింపరానంతగా నలిగిన నాణెములు నేటికిని సేకర్తల పెట్టెలలో నున్నవి.

1869లో మెక్సికో ప్రభుత్వము ఆ నాణెపు వెనుకవైపు నున్న, స్వాతంత్ర్యచిహ్నమైన కిరణముల టోపీచిత్రమును చిన్నదిచేసి, త్రాసును, ఖడ్గమును, ‘శాసనము’ అని వ్రాసిన పత్రమును చెక్కించెను. వెండి అదియే, తూకము అదియే. గ్రద్దయు పామును యథాస్థానమున నుండెను. అయినను చీనా వర్తకులు క్రొత్త ముఖమును నమ్మక దానిని తక్కువ విలువకే తీసికొనుటచే, న్యాయమునకు చిహ్నమైన ఆ త్రాసును 1873లో విడిచిపెట్టి, పాత నాణెమునకే మరల రావలసివచ్చెను. శాసనములు చేయువారికి పరదేశపు అంగడివాడు ఇంత స్పష్టముగా గుణపాఠము చెప్పిన సందర్భములు అరుదు. చీనా రేవులనుండి మెక్సికో నాణెమును వెళ్లగొట్టవలెనని అమెరికా 1873లో ప్రత్యేకముగా వాణిజ్య డాలరును ముద్రించెను. 1895 నుండి ఆంగ్లేయులు బొంబాయి, కలకత్తా టంకశాలలలో తమ వాణిజ్య డాలర్లను కొట్టించిరి. తుదకు మెక్సికోయే 1905లో రజతప్రమాణమును విడిచి స్వర్ణప్రమాణమును స్వీకరించెను.

వెండిని సరకుగా, ఔన్సు లెక్కన నాణెరూపమున అమ్ము పద్ధతి మెక్సికోలో 1949లో మొదలయ్యెను. ఆ ఔన్సు నాణెముపై పాము లేదు. ఒకవైపు పాతకాలపు ముద్రణయంత్రము, వేరొకవైపు మరల ఆ త్రాసే. 1982లో లిబర్తాద్ వచ్చుటతో గ్రద్దయు పామును తిరిగివచ్చెను. 2000 సంవత్సరము నుండి నేటి రాజ్యచిహ్నము చుట్టును పూర్వకాలపు చిహ్నములు పది పేర్చబడుచున్నవి. 31.1 గ్రాముల తూకము, వేయికి 999 పాళ్ల స్వచ్ఛత, ముద్రణసంవత్సరము దానిపై చెక్కబడియుండును గాని, ఇన్ని పెసోలను మూల్యము మాత్రముండదు. వెండిధర ననుసరించి మెక్సికో కేంద్రబ్యాంకు దాని విలువను ప్రకటించుచుండును.