ఇంట కట్టిన ఆంప్లిఫయర్లు

రేడియో పెట్టెలోనుండి వీణ వినబడునప్పుడు అది వీణయేనని మనము గుర్తింతుము. ఐనను, ఎదుట కూర్చుండి విన్న వీణకును దానికిని గల యంతరము చెవియున్నవారి కెల్లరకును తెలిసినదే. మంద్రములోని గాంభీర్యము పెట్టెలో నెక్కడనో ఇంకిపోవును. మీటులోని పదును తెరచాటునుండి వచ్చినట్లుండును. ఈ యంతరమును సహింపలేక, యంత్రమును తామే విప్పి, తామే కట్టి, ఆ లోపమును పూరింపబూనిన గృహస్థులు కొందరు లోకమున నుండిరి. వంటింటి బల్లలమీదను, అటకలమీదను, నేలమాళిగలలోను జరిగిన వారి ప్రయత్నముల చరిత్రను కొంత ముచ్చటించుకొందము.

ఈ చరిత్రకు మొదటి మెట్టు లౌడుస్పీకరు. 1925వ సంవత్సరమున అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను నిరువురు ఇంజనీర్లు ఒక పద్ధతిని ప్రకటించిరి. కాగితపు గరాటు వంటి పొరకు సన్నని తీగచుట్టను అంటించి, దానిని బలమైన అయస్కాంతపు సందులో నిలిపినచో, విద్యుత్తు హెచ్చుతగ్గులకు అనుగుణముగ ఆ పొర ముందు వెనుకలకు కదలి గాలిని కదలించును. నేటికిని మన యిండ్లలోని లౌడుస్పీకర్లలో చాలభాగము ఈ పద్ధతిమీదనే పనిచేయుచున్నవి.

అయితే ఇందొక చిక్కు కలదు. పొర ముందునకు వచ్చినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకొనును. ఆ క్షణముననే వెనుకటి గాలి పలుచబడును. ఈ రెండును అంచు చుట్టి కలిసికొన్నచో ఒకదానినొకటి చంపుకొనును. మంద్రస్వరముల కీ నష్టము మిక్కిలి ఎక్కువ. కనుకనే ఒట్టి లౌడుస్పీకరును చేతబట్టుకొని వినినచో తంబుర నాదము కందిరీగ రొదవలె వినబడును. దానినే వెడల్పయిన చెక్కపలకకు రంధ్రము చేసి బిగించినచో పోయిన మంద్రము చాలవరకు తిరిగివచ్చును. శాస్త్రము ఇంత చౌకగ ఫలమిచ్చిన సందర్భములు అరుదు. వడ్రంగిచేత పెద్ద పలక యొకటి కోయించుకొన్న ప్రతివాడును నాటినుండి శబ్దశాస్త్రమున తానును ఒక పరిశోధకుడనని తలచుకొన నారంభించెను. ఆ తలంపు పూర్తిగ తప్పును కాదు.

అట్టివారిలో గిల్బర్ట్ బ్రిగ్స్ ఒకడు. ఇంగ్లండులోని యార్క్‌షైరు ప్రాంతమున బట్టల వర్తకము చేసికొనుచుండిన ఈయన 1932లో ఇల్క్లీ పట్టణమున తన యింటి నేలమాళిగలో లౌడుస్పీకర్లు చేయ మొదలిడెను. ఆ చిన్న ప్రయత్నమే వార్ఫ్‌డేల్ అను సంస్థ అయ్యెను. 1948లో ఆయన లౌడుస్పీకర్లను గురించి యొక పుస్తకము వ్రాసెను. అది గణితమునకు భయపడువాడును చదువదగినట్లు, మధ్య మధ్య నవ్వించుచు నడచును. పెట్టె గోడలు తామును కంపించి పాటలో తమ గొంతు కలుపకుండుటకై రెండు పలకల నడుమ ఇసుక నింపవలెనని ఆయన సలహా. ఇంకను పట్టుదల గలవారు గది మూలలో ఇటుకలతోనే లౌడుస్పీకరునకు గూడు కట్టుకొనవచ్చునట! ఇంటి ఇల్లాండ్రు దీనిని గూర్చి ఏమనుకొనిరో ఏ గ్రంథమును సరిగ నమోదు చేయలేదు. ఈ వేడుక చరిత్రలో వారి యోర్పునకు ఒక అధ్యాయము ఉండవలసినదని మా యభిప్రాయము.

లౌడుస్పీకరు మాట అటుండగా, దానిని నడుపు ఆంప్లిఫయరు సంగతి అంత సులువుగ తేలలేదు. వాల్వులు చిన్న విద్యుత్తును పెద్దదిగ చేయును గాని చేయునప్పుడు దాని రూపమును కొంత వంకర పుచ్చును. టెలిఫోను తీగెల వెంబడి వేలకొలది మైళ్లు మాటను పంపవలసి వచ్చిన బెల్ ప్రయోగశాల వారికి ఈ వంకర పెద్ద బాధయై యుండెను. ఆ సంస్థలోని హెరాల్డ్ బ్లాక్ అను యువకుడు 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున హడ్సన్ నదిని పడవపై దాటుచు పనికి పోవుచుండగా ఆయనకు పరిష్కారము తట్టెను. చేతిలోనున్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుటమీదనే దానిని గీసికొనెను. బయటకు వచ్చు ధ్వనిలో కొంతభాగమును తలక్రిందులుచేసి తిరిగి ప్రవేశద్వారమునకే పంపినచో, లోపలికి వచ్చినదానికిని బయటికి పోవుదానికిని గల భేదము తనంతతానే సవరింపబడును. దీనికే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అని పేరు. పాడుచున్న గాయకుడు తన గొంతును తానే వినుచు, తంబురతో సరిచూచుకొని, శ్రుతి తప్పినంతమేర దిద్దుకొనుట యెట్టిదో ఇదియు నట్టిదే. ఇందుకు చెల్లింపవలసిన మూల్యము శక్తి: పెంపు పదవవంతునకు తగ్గించుకొన్నచో వంకరయు పదవవంతున కించుమించు తగ్గును. ఈ యూహకు అమెరికా ప్రభుత్వపు పేటెంటు 1937లో గాని లభింపలేదు.

టెలిఫోను తీగెల కొరకు పుట్టిన ఈ ఉపాయమును గృహస్థుని బల్లమీదికి సంపూర్ణముగ దింపినవాడు డి. టి. ఎన్. విలియమ్సన్. 1923లో ఎడింబరోలో జన్మించిన ఈయన రెండవ ప్రపంచయుద్ధకాలమున మార్కొనీ-ఆస్రమ్ వాల్వు కంపెనీలో పనిచేయుచు, ఆ సంస్థవారి కె.టి.66 వాల్వుల జతతో నొక ఆంప్లిఫయరును రూపొందించెను. దాని వివరములు లండన్ నుండి వెలువడుచుండిన ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రిక 1947 ఏప్రిల్, మే సంచికలలో వచ్చెను. శక్తి 15 వాట్లు. వికృతి నూటికి పదవవంతు మించదు. ఫీడ్‌బ్యాక్ 20 డెసిబెళ్లు. రచయిత వయస్సు నాటికి ఇరువదినాలుగేండ్లు.

ఈ వ్యాసమును గొప్పదిగ చేసినది అంకెలొక్కటియే కాదని మేము తలంతుము. అంతకుముందే 1945లో హెరాల్డ్ లీక్ అనునతడు ఇంతటి స్వల్పవికృతి గల ఆంప్లిఫయరును అమ్మకమునకు పెట్టియుండెను. విలియమ్సన్ చేసిన పని వేరు. ఆయన దాచుకొనలేదు. ఏ నిరోధకము విలువ ఎంత, ఏ రెండు నిరోధకములు ఒకదానితో నొకటి సరిపోలవలెను, వాల్వులను సరితూచుట యెట్లు, ట్రాన్స్‌ఫార్మరులో తీగె యెన్నిచుట్లు చుట్టవలెను అను సమస్తమును అచ్చొత్తించి లోకము చేతికిచ్చెను. యుద్ధానంతరపు బ్రిటనులో మంచి సరకు చాలవరకు ఎగుమతులకే పోవుచుండెను. మరియొకవైపు సైన్యమునకు మిగిలిపోయిన వాల్వులు, కండెన్సర్లు, మీటర్లు లండన్ లైల్ వీధి దుకాణములలో చౌకగ దొరకుచుండెను. కొనలేనివాడు కట్టుకొనగలిగిన కాలమది. ఆ కాలమునకు సరియగు పటము చేతికి వచ్చెను.

కాని పటము చేతికి వచ్చినంతమాత్రమున పాట రాదు. ఈ ఆంప్లిఫయరునకు ప్రాణము దాని యవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. మొదటి చుట్ట పది భాగములు, భాగమునకు 440 చుట్లు. వాటి నడుమ నడుమ రెండవ చుట్ట ఎనిమిది భాగములుగ పొదగవలెను. ఇంత శ్రమయేల యన్న ప్రశ్నకు ఉయ్యాల నుపమానముగ చెప్పవచ్చును. ఊగుచున్న ఉయ్యాలను ఎదురుగ పట్టి సరియైన అదనున ఆపినచో అది నిలుచును. చేయి కొంచె మాలస్యమై, ఉయ్యాల మరలిపోవునప్పుడు తగిలినచో ఆగుటకు మారుగ ఇంకను ఎగురును. దిద్దుబాటుగ వెనుకకు పంపిన విద్యుత్తును నాసిరకపు ట్రాన్స్‌ఫార్మరు ఆలస్యము చేయును. అప్పుడు ఆంప్లిఫయరు తనంతతానే ఊగ మొదలిడును. ఈ యూపు చెవికి వినబడని పౌనఃపున్యమున నున్నచో ప్రమాదము మరింత హెచ్చు: పాట ఏదో మసకగ నున్నదని గృహస్థుడు అనుకొనుచుండగనే లౌడుస్పీకరు తీగచుట్ట మాడిపోవును. చౌక ట్రాన్స్‌ఫార్మరు పెట్టి విలియమ్సన్‌ను నిందించినవారు తక్కువమంది కారు. ఆయన మూల రూపమునందును ఈ విషయమున వెసులుబాటు స్వల్పమేనని తరువాతివారు చూపిరి. అది న్యాయమైన విమర్శయే. 1949 ఆగస్టులో ఆయనయే సవరించిన రూపమును ప్రకటించెను.

ప్రాణములకును ముప్పు లేకపోలేదు. అందలి విద్యుత్పీడనము 450 వోల్టులవరకు పోవును. స్విచ్చి కట్టివేసిన పిదపను కండెన్సర్లలో నిలువయుండును. అనుభవజ్ఞులు వెలుగుచున్న యంత్రమును పరీక్షించునప్పుడు ఒకచేతిని జేబులో నుంచుకొనెడివారు. రెండు చేతులును తగిలినచో విద్యుత్తు గుండె మీదుగ పోవునని వారి భయము. చిన్నపిల్లలున్న యిండ్లలో ఈ వేడుక ఎంత జాగ్రత్త నడిగెనో యూహించుకొనవచ్చును.

అట్లాంటిక్ దాటినపుడు ఈ పటము కొంత వేషము మార్చెను. డేవిడ్ సార్సర్, మెల్విన్ స్ప్రింకిల్ అనువారు 1949 నవంబరులో అమెరికా వాల్వులకు అనువుగ దీనిని మలచి ‘సంగీతజ్ఞుని ఆంప్లిఫయరు’ అను పేరిడిరి. పేరు తగినదే, సార్సర్ టోస్కానినీ నిర్వహించిన వాద్యబృందమున వయొలిను వాయించినవాడు. 1951లో హాఫ్లర్, కీరోస్ అనువారు వాల్వుల తెరను ట్రాన్స్‌ఫార్మరు నడిమి చుట్లకు తగిలించి, శక్తియు స్వచ్ఛతయు కలిసివచ్చు ‘అల్ట్రా-లీనియర్’ పద్ధతిని ప్రచారమునకు తెచ్చిరి. ఇట్టి యమరికను బ్రిటనులో బ్లమ్‌లీన్ 1930 దశకముననే పేటెంటు చేసియుండెను. వాల్వులమ్మువారికిని ఇందలి లాభము తెలియకపోలేదు. 1954లో మల్లార్డ్ కంపెనీ తన ఇ.ఎల్.84 వాల్వులు చెల్లుటకై 10 వాట్ల ఆంప్లిఫయరు పటమును తానే ప్రకటించెను. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు చేసిన వాల్వులు మన రేడియోలలో వెలిగిన దినములను ఎరిగిన పెద్దలకు ఇట్టి వాల్వుల ఎర్రని వెలుగు గుర్తుండును.

ఇంత శ్రమపడి కట్టినది నిజముగ సత్యమునకు దగ్గరగ నున్నదా అను ప్రశ్నను బహిరంగముగ ఎదుర్కొన్నవాడు మరల బ్రిగ్సే. 1954 నవంబరు 1వ తేదీన లండన్ రాయల్ ఫెస్టివల్ హాలులో సభాసదుల యెదుట సంగీతజ్ఞుల వాద్యమును, వెంటనే రికార్డు చేసిన ధ్వనిని వినిపించి పోల్చుకొమ్మనెను. ఆంప్లిఫయర్లు క్వాడ్ సంస్థ స్థాపకుడు పీటర్ వాకర్‌వి. వేలమంది కూర్చుండు శాలను ఇండ్లలో వాడదగిన పరికరములతో నింపబూనుట సాహసము. ఓడిపోయినచో ఓటమి యందరి యెదుటనే. ఓటమి కలుగలేదు, అట్టి సభలు తరువాతను జరిగినవి.

పెట్టెల విషయమున ఊహకు బదులు లెక్క వచ్చినది 1961లో. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అను ఇంజనీరు, లౌడుస్పీకరు గుణములు కొన్నింటిని కొలిచినచో దానికి తగిన పెట్టె ఘనపరిమాణము, రంధ్రము కొలత గణించి చెప్పవచ్చునని నిరూపించెను. ఆ వ్యాసము పదేండ్లు మరుగున పడియుండి 1971లో అమెరికాలో పునర్ముద్రితమైన తరువాతనే లోకము దృష్టికి వచ్చెను. ఇక ట్రాన్సిస్టర్లు వచ్చి ట్రాన్స్‌ఫార్మరు బరువును దింపివేసినవి. 1969 ఏప్రిల్ ‘వైర్‌లెస్ వరల్డ్’లో లిన్స్లీ హుడ్ అను రసాయన పరిశ్రమోద్యోగి కేవలము నాలుగు ట్రాన్సిస్టర్లతో 10 వాట్ల ఆంప్లిఫయరును ప్రకటించెను. దానిని సరిచూచుకొనుటకు ఆయన ఎంచుకొన్న ఒరగల్లు ఇరువదిరెండేండ్లనాటి విలియమ్సన్ ఆంప్లిఫయరే.

మేమును ఒకప్పుడు ఇట్టి పాత పటము ననుసరించి ఒక యంత్రమును కట్టితిమి. మొదటి రాత్రి సంగీతమునకు బదులు గుంయిమను హోరు మాత్రమే వినబడెను. మూడు వారములు వెదకగా, వాల్వుల దీపపు తీగెలను పెనవేయక ప్రక్కప్రక్కన పరచుటయే దోషమని తేలెను. తీగెలు పెనవేసి, రెండు అతుకులు మరల కరిగించి పోసిన పిదప హోరు పోయి నిశ్శబ్దము వచ్చెను. ఆ నిశ్శబ్దమునుండి తంబుర లేచినప్పుడు ప్రక్కగదిలోని మా తల్లిగారు ఎవరు వచ్చిరని అడిగిరి.

విలియమ్సన్ మాత్రము ఆంప్లిఫయర్లవద్ద ఆగలేదు. ఫెరాంటీ సంస్థలో చేరి, అంకెల ఆజ్ఞలననుసరించి లోహమును తొలుచు యంత్రములను రూపొందించుటకు పూనుకొనెను. 1960 దశకమున మోలిన్స్ సంస్థలో ‘సిస్టమ్ 24’ అను స్వయంచాలక కర్మాగారమును సంకల్పించెను. 1968లో రాయల్ సొసైటీ సభ్యుడై, 1992లో మరణించెను. ఆయన యౌవనమున ఎన్నుకొన్న కె.టి.66 రకపు వాల్వులు నేటికిని తయారగుచున్నవి. 1947 నాటి చుట్ల లెక్క చూచి ట్రాన్స్‌ఫార్మరు చుట్టువారు నేడును ఉన్నారు.